రెండంగుళాలు తక్కువ

15వ శతాబ్దంలో పోతనగారు తెలుగు చేసిన భాగవతాన్ని భక్తికోసం చదివేవారున్నారు, పద్యాలకోసం చదివేవారున్నారు. తప్పటడుగులు వేసే పిల్లాడున్న ఇంట్లో దశమ స్కంధం చదివి చూడండి, ఆ రుచే వేరు!

యశోద పెరుగు చిలుకుతోంది. పిల్లాడొచ్చి పాలకి పేచీ. ఒళ్లోకి తీసుకుందో లేదో, పొయ్యిమీద పాలు పొంగాయి. ఈ అవస్థ ఏ ఇల్లాలికి తెలీదు చెప్పండి? ఆవిడ అటు పరుగెత్తింది, ఇటు పెరుగుకుండ బద్దలు! కట్టేద్దామంటే ఎన్ని తాళ్లు ముడేసినా రెండంగుళాలు తక్కువే.

ఆ రెండంగుళాలలో పెద్దలు వేదాంతం చూశారు. కాదనను. కానీ ఒళ్లంతా చెమటపట్టి, కొప్పులో పూలు జారి, తల్లి అలిసిపోవడం చూశాకే కదా కృష్ణుడు కట్టుబడ్డాడు! దేవుడంతటివాడు లొంగింది ఆ అలసటకే.

పసివాళ్లమీద మనవాళ్లు రాసే చాలా కథల్లో నాకు దొరకనిది అదే. ముద్దుమాటలుంటాయి, ఒలికిన పాలు తుడిచే చెయ్యి ఉండదు. చాకిరీ దాచేస్తే ముద్దూ వెలవెలబోతుంది. మన్ను తిన్నావా అని నోరు తెరిపించబట్టే కదమ్మా, యశోదకి అందులో బ్రహ్మాండం కనిపించింది!