డెబ్బైల నాటి బండి, అరవై దాటిన మోకాలు

పాత బండ్లతో మట్టి ట్రాక్ మీద పోటీ పడే వింటేజ్ మోటోక్రాస్‌లో రెండు వయసులు చూస్తారు. ఒకటి బండిది, రెండోది మనిషిది. 1986లో అమెరికాలో మొదలై ఈ పందేలు నడుపుతున్న హిస్టారిక్ రేసింగ్ సంఘం 'ఆర్మా' వింటేజ్ తరగతుల్లో బండి ముందు సస్పెన్షన్ 7 అంగుళాలకు, వెనకది 4 అంగుళాలకు మించి కదలకూడదని నియమం పెట్టింది. అంటే సుమారు 1974 దాకా వచ్చిన హస్క్‌వర్నాలు, మైకోలు, బుల్టాకోలు, సీజెడ్‌లు, బీఎస్‌ఏలన్న మాట. మనుషులకేమో యాభై దాటినవారికి, అరవై దాటినవారికి వేరువేరు పందేలున్నాయి. 1964, 1965ల్లో బీఎస్‌ఏ మీద 500 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయిన ఇంగ్లండ్ రైడర్ జెఫ్ స్మిత్ తర్వాత అమెరికా వెళ్లి ఈ సంఘం బాధ్యతలే చూశాడు, పెద్దవయసులోనూ పాత బండ్లెక్కి మట్టిలో తిరిగాడు. ఆ వయసులో మోకాలి లిగమెంట్ తెగితే రైడర్ డాక్టరును అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: మళ్లీ ఎన్ని నెలలకు ఎక్కొచ్చు? ఆ ప్రశ్నతోనే నాకు పేచీ. నెలలు గడవాల్సిందే, కాని గడిస్తే చాలదు. పెద్దవయసు రైడర్ మళ్లీ బండెక్కాలా వద్దా అన్నది తొడ కండరం బలం కొలిచి తేల్చాలి. క్యాలెండరు, స్కాన్ రిపోర్టు, నొప్పి తగ్గిందన్న ధీమా, ఇవన్నీ ఆ కొలత తర్వాతే.

పాత బండి మెల్లగా పోతుంది, గెంతులు చిన్నవి, కాబట్టి మోకాలికి ముప్పు తక్కువ అనేవారున్నారు. అందులో సగమే నిజం. ఇప్పటి మోటోక్రాస్ బండికి ముందూ వెనకా దాదాపు 12 అంగుళాల సస్పెన్షన్ ఉంటుంది. గుంటలో పడినా, ఎత్తు నుంచి దిగినా ఆ దెబ్బలో చాలా భాగం బండే మింగేస్తుంది. వెనక 4 అంగుళాలే ఉన్న బండి మీద మిగిలిన పని ఎవరు చేయాలి? ఫుట్‌పెగ్‌ల మీద మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడ్డ మనిషి తొడలే చేయాలి. పైగా మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు కాలు ముందుకు చాపడం ఈ ఆటలో రివాజు. ఆ పాదం గాడిలో ఇరుక్కుని బండి, ఒళ్లు ముందుకు పోతే మోకాలి కింది ఎముక ఒక దిక్కు, తొడ ఎముక మరో దిక్కు తిరుగుతాయి. లిగమెంట్లు తెగేది ఎక్కువగా ఆ మెలికలోనే, దానికి పెద్ద వేగం అక్కర్లేదు. ఇక కిక్ సంగతి. పాత బుల్లెట్ నడిపినవారికి కిక్కర్ ఎదురు తన్నితే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. పెద్ద సింగిల్ సిలిండర్ బీఎస్‌ఏదీ అదే గుణం. బీఎస్‌ఏ కిక్కర్ కుడివైపు ఉంటుంది, హస్క్‌వర్నా, మైకోలది ఎడమవైపు. ఏ మోకాలు దెబ్బతిందన్నదాన్ని బట్టి ఏ బండి ఎక్కాలన్నదీ మారిపోతుంది. పందెం మొదలుకాక ముందే, బండి స్టార్ట్ చేసే దగ్గరే మోకాలికి మొదటి పరీక్ష ఎదురవుతుంది.

మోకాలికి నాలుగు ముఖ్యమైన లిగమెంట్లున్నాయి. అన్నింటి కథా ఒకటి కాదు. లోపలి పక్కన ఉండే ఎంసీఎల్‌కు రక్తసరఫరా బాగుంటుంది కాబట్టి బ్రేస్ వేసి, కదలికను అదుపులో ఉంచితే చాలావరకు తనంతట తనే అతుక్కుంటుంది. కీలు నడిమధ్య ఉండే ఏసీఎల్‌కు ఆ అదృష్టం లేదు. దాని చుట్టూ ఉండే కీలు ద్రవంలో రక్తం గడ్డకట్టి నిలవదు, తెగిన కొసల మధ్య వంతెన పడదు. అందుకే అది తెగితే తొడ వెనక స్నాయువునో, మోకాలిచిప్ప కింది స్నాయువునో తీసి కొత్త ఏసీఎల్‌గా అమర్చే ఆపరేషన్ వచ్చింది. అయితే ఆపరేషన్ చేయించుకుంటే బాగైనట్టే, లేకపోతే ఆట అయిపోయినట్టే అన్న లెక్క ఆధారాల ముందు నిలవదు. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన, 18 నుంచి 35 ఏళ్ల వయసున్న 121 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్, రెండో గుంపుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్న పద్ధతి పాటించారు. 2010లో వెలువడిన రెండేళ్ల ఫలితాల్లో రెండు గుంపుల మోకాళ్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రెండో గుంపులో ఆ రెండేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లింది సుమారు 40 శాతమే. దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది. దెబ్బ తగిలి చాలాకాలమై, మోకాలు ఇంకా జారిపోతూ ఉన్న 316 మంది మీద బ్రిటన్‌లో జరిగి 2022లో అచ్చయిన అధ్యయనంలో ఆపరేషనే మెరుగని తేలింది. రెండూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: మోకాలు జారుతుంటే ఆపరేషన్‌కు వెళ్లాలి, జారకుండా నిలబడుతుంటే ముందు వ్యాయామం చేసి చూడాలి. రెండు దారులూ చివరకు ఫిజియోథెరపీ గదికే చేరతాయి. అక్కడ గడిపే నెలలను తప్పించే సర్జన్ ఇంకా పుట్టలేదు.

ఆ నెలల లెక్క ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు చూద్దాం. కొత్తగా అమర్చిన స్నాయువు మొదటిరోజు ఉన్నంత బలంగా ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఉండదు. దాని పాత రక్తసరఫరా పోయి, కొత్త నాళాలు పాకి, కణాలు మారి, అది లిగమెంట్‌గా రూపు దిద్దుకోవడానికి ఏడాది దాటుతుంది. జంతువుల మీద చేసిన పరిశోధనల్లో అది అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది ఆరు, పన్నెండు వారాల మధ్య. మనుషుల్లో ఈ మార్పు ఇంకా నెమ్మది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తగ్గుతుంది, నడక కుదురుతుంది, మెట్లెక్కుతుంటే నొప్పి ఉండదు, గ్యారేజీలోని బండి మీదకు మనసు పోతుంది. నొప్పిని నమ్ముకున్నవాడు మోసపోయేది అప్పుడే. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి ఏసీఎల్ ఆపరేషన్ చేయించుకున్న 106 మందిని రెండేళ్లు వెంబడించి 2016లో ప్రచురించిన ఫలితాలు ఇంకా సూటిగా ఉన్నాయి. తొమ్మిది నెలల దాకా, ఆటకు తిరిగి వెళ్లడం ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మళ్లీ మోకాలు దెబ్బతినే రేటు దాదాపు సగానికి పడిపోయింది. బలం, గెంతు పరీక్షలు తప్పి ఆటకు వెళ్లినవారిలో 38 శాతం మంది మళ్లీ మోకాలు దెబ్బతీసుకుంటే, పరీక్షలు నెగ్గి వెళ్లినవారిలో ఆ సంఖ్య 6 శాతం కన్నా తక్కువ. తొమ్మిది నెలలన్నది దాటాల్సిన గడపే. గడప దాటినవాళ్లందరూ పరీక్ష నెగ్గినట్టు కాదు.

ఆ పరీక్షలోనూ ఒక కిటుకు ఉంది. పెద్దవయసు రైడర్ దాన్ని తప్పక తెలుసుకోవాలి. మామూలుగా ఫిజియోలు దెబ్బతిన్న కాలి బలాన్ని బాగున్న కాలితో పోల్చి, 90 శాతం ఉంటే సరే అంటారు. మంచం పట్టినన్నాళ్లూ, కర్రల మీద నడిచినన్నాళ్లూ బాగున్న కాలు కూడా పని లేక చిక్కిపోతుందన్నది అందులో లెక్కకు రాదు. 2017లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం 70 మందిని ఏసీఎల్ ఆపరేషన్ అయిన ఆరు నెలలకు కొలిచింది. రెండు కాళ్లనూ ఒకదానితో ఒకటి పోలిస్తే 40 మంది నెగ్గారు. అదే ఆపరేషన్‌కు ముందు బాగున్న కాలికి ఉన్న బలంతో పోలిస్తే నెగ్గింది 20 మందే. పాతికేళ్లవారి విషయంలోనే ఇంత తేడా వస్తే, దెబ్బ తగలక ముందే రెండు తొడలూ వయసుతో కొంత కరిగి ఉన్న అరవై ఏళ్లవాడి సంగతి ఆలోచించండి. బలహీనమైన కాలికి మరో బలహీనమైన కాలు సాటి వస్తే అందులో సంతోషించడానికేముంది? కాబట్టి అతని కొలత శరీర బరువును బట్టి ఉండాలి, బండిని బట్టి ఉండాలి. ఒంటికాలి మీద కుర్చీలోంచి అదుపుగా లేవగలుగుతున్నాడా, మెట్టు మీద నుంచి ఆ కాలి మీదకే దిగితే మోకాలు లోపలికి వాలకుండా ఉంటోందా, పందెం ఎంతసేపుంటుందో అంతసేపు మోకాళ్లు వంచి నిలబడగలడా, ఆ అలసటలో కూడా కాలు వణక్కుండా మోపగలడా. ఈ చివరిది ముఖ్యం. అలసట లేనప్పుడు నెగ్గిన పరీక్ష ఆఖరి ల్యాప్‌కు పూచీ పడదు.

ఇంతా విన్నాక మనవాళ్లలో చాలామంది వేసే ప్రశ్న నాకు తెలుసు. ఈ వయసులో ఇదంతా అవసరమా, బండిని షెడ్డులో పెట్టి కృష్ణా రామా అనుకుంటే పోదా? మన ఇళ్లలో మోకాలు నొప్పి అన్న పెద్దాయనకు వెంటనే దొరికే సలహా కూడా ఇదే: మెట్లెక్కకండి, కింద కూర్చోకండి, కదలకండి. పాటిస్తే తొడ కండ ఇంకా కరుగుతుంది, మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. వయసు మీద పడ్డాక కండకు బలం రాదన్న నమ్మకాన్ని బోస్టన్‌లో 1990లోనే పరీక్షించారు. ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్లున్నవారితో ఎనిమిది వారాల పాటు బరువులు ఎత్తించారు. వారి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్లు రేసర్లు కారు, కొందరు చేతికర్రతో నడిచేవారు. అమర్చిన స్నాయువు మళ్లీ తెగడం కూడా కుర్రవాళ్లలోనే ఎక్కువ, వయసు పెరిగినకొద్దీ ఆ ముప్పు తగ్గుతుందని పెద్ద రిజిస్ట్రీలు చెబుతున్నాయి. పెద్దవాళ్లు తక్కువ గెంతుతారన్నది అందుకు ఒక కారణం కావచ్చు, దాన్ని కాదనను. అయినా వయసు అన్న ఒక్క కారణం చూపి ఆపరేషన్‌నో, ట్రాక్‌నో కాదనడానికి ఆధారం లేదు. కాదనాల్సి వస్తే అది కాలి బలాన్ని చూసి.

మరో అభ్యంతరం దీనికి సరిగ్గా ఎదుటి వైపు నుంచి వస్తుంది. ప్రొఫెషనల్ రైడర్లు ఏసీఎల్ లేకుండానే బ్రేస్ బిగించి సీజన్ పూర్తి చేస్తారు కదా, మాకేం? అమెరికా ప్రొఫెషనల్ రైడర్ ర్యాన్ విల్లోపోటో 2012 వసంతంలో సియాటిల్ సూపర్‌క్రాస్‌లో మోకాలు దెబ్బతీసుకుని, 2013లో తిరిగొచ్చి మళ్లీ టైటిల్ గెలిచాడు. కాని అతను అప్పుడు పాతికేళ్లు నిండని కుర్రాడు, వ్యాయామమే ఉద్యోగంగా గలవాడు, తర్వాతి సీజన్ దాకా ఆగినవాడు. ఇక బ్రేస్ పక్క నుంచి వచ్చే దెబ్బను కొంత ఆపుతుంది, మోకాలు వెనక్కి విరగకుండా చూస్తుంది, ట్రాక్ మీద అది ఉండాల్సిందే. తొడ చేయాల్సిన పని మాత్రం అది చేయదు. అరవై దాటినవాడి అసలైన వాదన ఇంకొకటుంది, నాకు గౌరవం ఉన్నది దాని మీదే: నాకు మిగిలిన సీజన్లే నాలుగైదు, అందులో ఒకటి వ్యాయామానికే ధారపోయమంటావా? ఔను, పోయమంటాను. రెండోసారి తెగితే పోయేది మరో సీజన్‌తో ఆగదు, కీలు మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌నూ, మృదులాస్థినీ వెంట తీసుకుపోతుంది. లిగమెంట్ తెగిన మోకాళ్లలో సుమారు సగం పది, ఇరవై ఏళ్లలో కీళ్లవాతానికి చేరుతున్నాయి. ఆపరేషన్ ఈ ముప్పును తప్పిస్తుందని చెప్పడానికి గట్టి రుజువు లేదు. అందుకే జారే మోకాలిని నిలబెట్టడానికి ఆపరేషన్ చేయించుకోండి, కీళ్లవాతం నుంచి కాపాడుతుందన్న ఆశతో వద్దు.

స్కాన్ గురించీ ఒక మాట. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 50 ఏళ్లు దాటినవారికి ఎంఆర్‌ఐ తీసి 2008లో ప్రకటించిన ఫలితాల్లో, మెనిస్కస్ చిరిగి ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలరోజుల్లో మోకాలు నొప్పే లేదు. కాబట్టి అరవై ఏళ్లవాడి స్కాన్‌లో చిరుగు కనబడిందంటే అది నిన్నటి పందేనిదో, ఇరవై ఏళ్ల నాటిదో తేల్చడం కష్టం. రిపోర్టులో వరసగా రాసి ఉన్న దోషాలు చూసి బెంబేలెత్తి బండి అమ్ముకున్నవాడూ, రిపోర్టు శుభ్రంగా ఉందని ఆరో నెలలో ట్రాక్ ఎక్కినవాడూ చేసింది ఒకే పొరపాటు. ఇద్దరూ బొమ్మను చూశారు, కాలిని చూడలేదు.

ఈ దారిలో ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే. ఆపరేషన్ చేయించుకోదలిస్తే దానికి ముందే రెండు తొడల బలమూ మెషిన్ మీద కొలిపించి అంకెలు రాసి ఇమ్మని అడగండి. ఆపరేషన్ వద్దనుకుంటే వాపు దిగగానే కొలిపించండి. తొమ్మిదో నెల నిండాక అవే కొలతలు మళ్లీ తీయించి, పక్క కాలితో కాక ఆ పాత కాగితంతో పోల్చండి. తక్కువగా ఉంటే ఆ ఏడాది పందేనికి పేరు ఇవ్వకండి. సరిపోతే మొదటి పందేనికి గాడులు పడని పొడి ట్రాక్ ఎంచుకుని, బాగున్న కాలితో కిక్ కొట్టగలిగే బండి తీసుకెళ్లండి.