చెక్కకు వంపు నేర్పే చేతులు

1999 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్‌లో టోనీ హాక్ స్కేట్‌బోర్డు మీద గాల్లోకి లేచి, రెండున్నర చుట్లు తిరిగి, మళ్లీ ర్యాంప్ మీదికే దిగాడు. లోకమంతా ఆ చుట్లు లెక్కపెట్టింది. మనిషిని అంత ఎత్తుకు విసిరి, పడుతూ వచ్చినవాణ్ణి ఎముక విరక్కుండా అందుకున్న చెక్క వంపును గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఆటగాడికి పతకం, బోర్డు కంపెనీకి వ్యాపారం, ర్యాంప్ కట్టిన వడ్రంగికి కూలీ. ఈ ఆట పుట్టినప్పటి నుంచీ పంపకం ఇంతే. స్కేట్‌బోర్డుకైనా బీఎమ్‌ఎక్స్ సైకిలుకైనా మంచి ర్యాంప్ అనేది దుకాణంలో కొనుక్కొచ్చే సామాను కాదు. ఎక్కేవాడి వయసు, వాడి చక్రం సైజు, దొరికిన చోటు చూసి ఒక్కొక్కటిగా గీత గీసి కట్టాల్సిన పని అది. సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) మండలం పేరు తీసి ఈ మాట అంటే కొందరికి నవ్వు రావచ్చు. స్కేట్ ర్యాంప్ కట్టిపెట్టమని ఆ చుట్టుపక్కల వడ్లాయన్ని ఎవరూ అడిగి ఉండరు. కానీ ఎడ్లబండి చక్రం చేసిన చేతులు ఇంకా మిగిలి ఉన్న పల్లెల్లోనే ఈ మాట అనాలి. ఎందుకో చెప్పాలంటే ముందు పనితనం విప్పి చూపించాలి.

ర్యాంప్ ప్రాణమంతా వంపులో ఉంది. నేల దగ్గర పడుకుని ఉన్న చెక్క పైకి పోతూ పోతూ నిలబడాలి, ఆ నిలబడటం ఒక వృత్తంలో ముక్కగా ఉండాలి. వడ్రంగి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను నేలమీద పరిచి, పొడవాటి పట్టీకి ఒక చివర మేకు, రెండో చివర పెన్సిల్ పెట్టి గీత తిప్పుతాడు. ఆ పట్టీ పొడవే వంపు వ్యాసార్ధం, ర్యాంప్ గుణం మొత్తం దాని చేతిలో ఉంటుంది. 4 అడుగుల ఎత్తు ర్యాంప్‌ను 7 అడుగుల పట్టీతో గీస్తే పై అంచు దగ్గర వాలు సుమారు 65 డిగ్రీలు వస్తుంది, వంపు నేలమీద 6 అడుగుల 4 అంగుళాల దాకా జాగా తింటుంది. ఎత్తు మార్చకుండా పట్టీని 9 అడుగులు చేస్తే వాలు 56 డిగ్రీలకు పడిపోతుంది. పిల్లలకు అది చల్లని తల్లి. అదే 4 అడుగుల ఎత్తుకు 5 అడుగుల పట్టీ పెట్టారా, వాలు 78 డిగ్రీలు దాటి గోడలా నిలబడుతుంది, నేర్చుకునేవాణ్ణి మొదటి రోజే వెనక్కి విసిరేస్తుంది. పట్టీని రెండడుగులు అటూ ఇటూ చేస్తే ఆటే మారిపోతుందన్నమాట. బీఎమ్‌ఎక్స్ సైకిలు పొడుగు, దాని చక్రం పెద్దది, కాబట్టి దానికి ఇంకాస్త తీరికైన వంపు కావాలి. బరువు లెక్క కూడా ఈ వంపులోనే దాగి ఉంది. 4 అడుగుల పైనుంచి 7 అడుగుల వంపులోకి దిగినవాడు అడుగుకు చేరేసరికి వాడి బరువు చెక్కమీద రెండు రెట్లకు పైగా పడుతుంది. 12 అడుగుల నిలువు ర్యాంప్‌లో వంపు 10 అడుగులదైతే అది మూడు రెట్లు దాటుతుంది. అందుకే మంచి పనివాడు ఎత్తున నిలబడే చోట కన్నా వంపు మొదలయ్యే చోట దూలాలు దగ్గర దగ్గరగా వేస్తాడు. చూసేవాళ్లకు భయం పైన ఉంటుంది, కట్టేవాడి భయం కిందే.

గీత కుదిరాక అడ్డ దూలాలు వస్తాయి, సుమారు 8 అంగుళాలకొకటి. వాటి మీద పలచని ప్లైవుడ్ రెండు పొరలు పరుస్తారు. ఒకటే మందపు పొర వేస్తే వంగదు, వంచితే పగులుతుంది. రెండు పలచని పొరలు విడివిడిగా వంగి, స్క్రూలతో ఒకటయ్యాక మందపు పలక బలం ఇస్తాయి. కింది పొర అతుకులు, పై పొర అతుకులు ఒకే గీతమీద పడకూడదు, పడితే చక్రం దాటిన ప్రతిసారీ ఆ చోట చెక్క నోరు తెరుస్తుంది. స్క్రూ తల ప్రతి ఒక్కటీ చెక్కలోకి మునగాలి. వేలితో రాస్తే తగలకూడదు. ఆ పైన రాపిడికి నిలిచే పొర ఒకటి. అమెరికాలో మొదట మేసనైట్ వేసేవారు, తర్వాత స్కేట్‌లైట్ అనే గట్టి పలక వచ్చింది. మన దగ్గర షట్టరింగ్‌కి వాడే ఫిల్మ్ ప్లైవుడ్‌తో పని జరుపుకోవచ్చు. పై అంచుకు పెట్టే ఇనుప పైపును ఆటగాళ్లు కోపింగ్ అంటారు. అది చెక్కమీద నుంచి అర అంగుళం కూడా పొడుచుకు రాకూడదు. మరీ లోపలికి పోతే బోర్డు ఇరుసు దానిమీద జారే చప్పుడే ఉండదు, మరీ బయటికి వస్తే చక్రం తట్టుకుని మనిషి తలకిందులవుతాడు. ఇక అసలు పరీక్ష మూలలో. రెండు వంపులు కలిసే చోట, గిన్నెలా గుండ్రంగా తిరిగే చోట, చెక్క ఏకకాలంలో రెండు దిక్కులకు వంగాలి. ప్లైవుడ్ ఒక దిక్కుకే వంగుతుంది. రెండో దిక్కుకు చస్తే వంగదు. కాబట్టి పనివాడు దాన్ని పైన వెడల్పు, కింద సన్నం ఉన్న చీలికలుగా కోసి, ఒక్కో చీలికకు ఒక్కో కోణం చెక్కి, పక్కపక్కన పేర్చుకుంటూ పోతాడు. దూరం నుంచి చూస్తే ఒకే పలకను మైనంలా వంచినట్టుంటుంది. ఆ మూలలో అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరితే ఎక్కడా అతుకు తెలియకపోవడమే వడ్రంగి గొప్పతనానికి కొలత. అలాంటి మూల కట్టగలవాళ్లు ప్రపంచం మొత్తం మీద కూడా ఎక్కువమంది ఉండరు.

చరిత్ర పొడుగ్గా చెప్పనక్కర్లేదు. 1970ల చివర్లో అమెరికాలో బీమా ఖర్చులు భరించలేక కాంక్రీటు స్కేట్ పార్కులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పిల్లలు ఇంటి పెరట్లో ప్లైవుడ్‌తో కట్టుకోవడం మొదలుపెట్టారు. టామ్ స్టూవర్ట్ అనే ఆయన గీసిన ర్యాంప్ నకళ్లు ఊరూరా తిరిగాయంటారు. మొదట్లో రెండు వంపుల్ని నేరుగా ఒకదానికొకటి అతికించేవారు. మధ్యలో చదును నేల వేశాక ఆటగాడికి ఊపిరి తీసుకునే క్షణం దొరికింది, దానితో ఆట పదింతలు పెరిగింది. ఆ తర్వాత వచ్చిన పనితనం చూడండి. 1987లో వచ్చిన ది సెర్చ్ ఫర్ యానిమల్ చిన్ అనే స్కేట్‌బోర్డు వీడియో కోసం టిమ్ పేన్ కట్టిన ర్యాంప్‌లో రెండు హాఫ్‌పైపులు, అంటే ఎదురెదురు వంపుల ర్యాంపులు, వీపు వీపు ఆనించుకుని నిలబడ్డాయి. షూటింగ్ అయిపోగానే దాన్ని విప్పేశారు. దాన్ని మరిచిపోలేక ముప్పై ఏళ్ల పండగకు 2016లో కాలిఫోర్నియాలోని వుడ్‌వర్డ్ వెస్ట్‌లో మళ్లీ అలాంటిదే కట్టుకున్నారు. ఓక్లహోమాకు చెందిన మ్యాట్ హాఫ్‌మన్ బీఎమ్‌ఎక్స్ సైకిలును మోటార్‌సైకిల్ వెనక కట్టి లాగించుకుని, 24 అడుగుల ఎత్తు చెక్క ర్యాంప్ ఎక్కి, 2001లో దాని అంచు మీద మరో 26 అడుగుల 6 అంగుళాలు లేచాడు. అంటే నేల నుంచి 50 అడుగుల పైన మనిషి! 2005 జూలైలో స్కేట్‌బోర్డు ఆటగాడు డానీ వే చైనా మహాకుడ్యం మీంచి దూకింది కూడా ఇలా కట్టిన ర్యాంప్ మీంచే. టోక్యో ఒలింపిక్స్‌లో బీఎమ్‌ఎక్స్ ఫ్రీస్టైల్ బంగారు పతకం గెలిచిన లోగన్ మార్టిన్ అంతకుముందే ఆస్ట్రేలియాలో తన ఇంటి పెరట్లో తనకు కావలసిన కొలతలతో పార్కు కట్టించుకున్నాడు. పతకం ఎక్కడ తయారైందో వేరే చెప్పాలా?

ఇది మనది కాదు, దిగుమతి సరుకు అనేవాళ్లకు నా జవాబు హైదరాబాద్ నాంపల్లిలో ఉంది. 1938లో మొదలైన నుమాయిష్‌కు దాదాపు ఏటా జనవరి మొదటి రోజుల నుంచి నెలన్నర పాటు జనం వెళ్తూనే ఉన్నారు. అక్కడి మౌత్ కా కువాను చూడనివాళ్లు తక్కువ. పలకలు నిలువుగా పేర్చి కట్టిన చెక్క బావి అది. దాని గోడమీద మోటార్‌సైకిళ్లు, మారుతీ కార్లు అడ్డంగా తిరుగుతాయి. 25 అడుగుల వ్యాసార్ధం ఉన్న గోడమీద టైరు జారకుండా నిలవాలంటే లెక్క ప్రకారం గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం కావాలి. అంత వేగాన్ని నేలమీద నుంచి గోడమీదికి చేర్చేది ఏది? అడుగున వాలుగా పరిచిన పలకల వరస. అది లేకపోతే బావి లేదు, ఆట లేదు. ర్యాంప్ వంపు చేసేది సరిగ్గా అదే పని. ఊరూరా విప్పుకుని, మళ్లీ పేర్చుకుని, ప్రతి పలకనూ చేత్తో తట్టి చూసుకునే ఆ బృందాల పనితనాన్ని సర్కస్ వినోదం కింద జమకట్టడం మన చూపు లోపం. ఇక ఎడ్లబండి చక్రం సంగతి. ఆరు పూటీలు, పన్నెండు ఆకులు. నల్లతుమ్మ, టేకు లాంటి గట్టి కర్ర. బాడిస, ఉలి, చిత్రిక, గొనియ. ఆరు పూటీల్లో ప్రతిదీ ఒకే వృత్తంలో ముక్క. ఒక్కోదాంట్లో నూలుపోగంత తేడా వచ్చినా ఆరోది చేరేసరికి చక్రం మూసుకోదు, ఎర్రగా కాల్చి దిగేసిన ఇనుప పట్టా ఆ తప్పును బిగించి బయటపెడుతుంది. ర్యాంప్ వంపులో తేడా వస్తే స్క్రూలతో కొంత సర్దుకోవచ్చు; చక్రంలో సర్దుబాటు లేదు. మరి ఏది కష్టమైన పని? చక్రం చేసినవాడికి 7 అడుగుల పట్టీతో వంపు గీయడం రాదనేవాళ్లు చక్రం ఎలా తయారవుతుందో ఎన్నడూ చూడలేదనుకోవాలి.

ఆ చేతులకు ఇప్పుడు పనేమిటో చూడండి. ట్రాక్టరు వచ్చింది, బండి పోయింది. దానికి ఎవరినీ తిట్టలేం, రైతుకు వీపు నొప్పి తగ్గింది. కానీ తలుపులు కూడా అచ్చుపోసి వస్తున్నాయి, కిటికీలు ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, వడ్లాయన వాటికి మేకులు కొట్టి బిగించే మనిషి అయిపోయాడు. ఆడుకునే సామాను పరిస్థితి అంతకన్నా అధ్వానం. రంగురంగుల కేటలాగు పుస్తకం చూసి టెండరు వేస్తారు, లారీలో ఇనుప రేకు ముక్కలు దిగుతాయి, నాలుగు బోల్టులు బిగించి ఫొటో దిగుతారు. ఆ రేకు ర్యాంపుల్లో వంపే ఉండదు. మూడు చదును పలకల్ని మూడు కోణాల్లో అతికించి వంపు అని బొంకుతారు. ప్రతి అతుకు దగ్గరా చక్రం ఎగిరి పడుతుంది, పిల్లాడు తన తప్పేననుకుని భయపడి ఆట మానేస్తాడు. సూర్యాపేట ఎండలో మే నెల మధ్యాహ్నం ఆ రేకు మీద అరచెయ్యి ఆనించి చూడమనండి, ఆ పుస్తకం అచ్చేసినవాణ్ణి! రెండు వానాకాలాలకు తుప్పు, మూడో ఏడు అంచులు బ్లేడ్లు. ఇంత దరిద్రపు సరుకుకు పెట్టే డబ్బులో సగం పెడితే ఊరి వడ్రంగి నిజమైన వంపు కట్టి ఇస్తాడు, పాడైన పలకను మర్నాడే మార్చి ఇస్తాడు. రేకు పాడైతే లారీ మళ్లీ వస్తుందా?

చెక్క నిలవదు, చెదలు తింటుంది, వానకు ఉబ్బుతుంది, కాంక్రీటే మేలు అనేవాళ్ల మాటలో బలం ఉంది, తోసిపుచ్చను. మన దేశంలో స్కేట్ పార్కులు చాలావరకు కాంక్రీటువే. 2015లో మధ్యప్రదేశ్‌లోని జన్వార్ గ్రామంలో కట్టిన పార్కు కాంక్రీటు. 2021లో వచ్చిన స్కేటర్ గర్ల్ సినిమా కోసం రాజస్థాన్‌లోని ఖేంపూర్‌లో కట్టినదీ కాంక్రీటే. ఆ రెండు పల్లెల్లోనూ పిల్లలు బోర్డులెక్కారు, అది చిన్న సంగతి కాదు. ఆరుబయట, వానలో, ఎవరూ కాపలా లేని చోట నా ఓటు కూడా కాంక్రీటుకే. కానీ కాంక్రీటులో ఒకసారి తప్పు పోస్తే ఆ తప్పు ముప్పై ఏళ్లు అక్కడే ఉంటుంది. వంపు బాగాలేదని తెలిశాక సుత్తితో పగలగొట్టడం తప్ప దారిలేదు. చెక్కనైతే విప్పి, పట్టీ పొడుగు మార్చి, మళ్లీ కట్టుకోవచ్చు. పిల్లలు ఎదిగితే ర్యాంపూ ఎదుగుతుంది. పడినప్పుడు కాస్త లొంగే గుణం చెక్కకుంది, కాంక్రీటుకు లేదు. ఒలింపిక్స్ బీఎమ్‌ఎక్స్ ఫ్రీస్టైల్ వేదికల్ని చెక్కతో కడుతున్నది ఊరికే కాదు. ఇక చెదలు, వాన అంటారా, దానికి మందు కప్పు. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులెన్ని, వాటి గోదాములెన్ని! ధాన్యం లేని నెలల్లో ఖాళీగా పడి ఉండే ఒక్క షెడ్డు చాలు. కోదాడలో, సూర్యాపేటలో ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉండే ఫంక్షన్ హాళ్లకు కొదవా? బోల్టులతో నాలుగు ముక్కలుగా విప్పేలా కడితే ర్యాంపును ట్రాక్టరు ట్రాలీలో ఆత్మకూర్ (ఎస్) నుంచి ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. మౌత్ కా కువా బృందాలు తరతరాలుగా చేస్తున్నదీ అదే. ప్రమాదం మాటకొస్తే, వంపు సరిగ్గా ఉన్న 4 అడుగుల ర్యాంపు మీద హెల్మెట్, మోకాలి కాపు పెట్టుకున్న పిల్లాడు హైవే పక్కన సైకిలు తొక్కే పిల్లాడి కన్నా క్షేమంగా ఉంటాడని నా వాదన. జాతీయ రహదారి 65 పక్కన ఉన్న ఊళ్లవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

కాబట్టి సర్పంచులకు, మిల్లు యజమానులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పుస్తకంలో బొమ్మ చూసి రేకు తెప్పించకండి. మండలంలో చక్రం చేసిన పెద్దాయన ఒకరిని, ఐటీఐలో కార్పెంటర్ కోర్సు చదివిన కుర్రాడు ఒకణ్ణి కలిపి కూర్చోబెట్టండి. పెద్దాయనకు చెయ్యి తెలుసు, కుర్రాడికి డ్రాయింగ్ తెలుసు. మొదటి ర్యాంప్ ఎత్తు 4 అడుగులు దాటనివ్వకండి, పట్టీ 7 అడుగులకు తగ్గనివ్వకండి. మధ్య చదును 8 అడుగులు, రెండు వైపులా నిలబడే అరుగులు నాలుగేసి అడుగులు వేస్తే మొత్తం పొడవు 29 అడుగులకు కాస్త తక్కువలో సరిపోతుంది. ప్లైవుడ్ దగ్గర మాత్రం బేరమాడకండి, నీటికి తట్టుకునే 710 గ్రేడే తెప్పించండి. కూలీ రోజు లెక్కన ఇవ్వండి, గుత్తకు వద్దు. గుత్త పనిలో స్క్రూ తలలు పైకే ఉంటాయి. పని అయ్యాక కట్టిన ఇద్దరి పేర్లూ అరుగు అంచున ఉలితో చెక్కించండి. గీత గీసిన మొదటి పలకను పొయ్యిలో పెట్టకుండా ఆ వడ్రంగి దగ్గరే ఉంచండి, పక్క మండలం వాళ్లు అడగడానికి వస్తే చూపించడానికి పనికొస్తుంది.