ఆశ్రయపురం గుమ్మంలో విచారణ: నిర్బంధంలోని శరణార్థులు, రాజ్యాంగం, సంఘం

శరణార్థులను గూర్చి మన సంఘాల్లో జరిగే ప్రసంగాలు సాధారణంగా మత్తయి సువార్త 25వ అధ్యాయం దగ్గర ఆగిపోతాయి. బాలాపూర్‌లో నివసించే రోహింగ్యా కుటుంబాలకు బియ్యం, దుప్పట్లు పంచితే బాధ్యత తీరిందనుకుంటాం. ఆ కుటుంబంలో ఒకరు నిర్బంధించబడినప్పుడు ఏమి చేయాలో ఆ బోధ చెప్పదు. అక్కడ కావలసినది దయ మాత్రమే కాదు, విచారణ.

మన రాజ్యాంగం 19వ అధికరణంలోని స్వేచ్ఛలను పౌరులకే ఇచ్చింది. 14, 21 అధికరణాలు మాత్రం "వ్యక్తి" అనే మాటనే వాడాయి. ఆ మాటను బట్టే 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, పౌరుడు కానివాని ప్రాణాన్ని సహితం కాపాడవలసిన బాధ్యత రాజ్యానిదేనని తీర్పిచ్చింది. అయితే భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా, తాను విదేశీయుడిని కానని రుజువు చేసుకునే భారాన్ని ఆ వ్యక్తిమీదనే ఉంచింది.

2021 ఏప్రిల్ 8న సలీముల్లా కేసులో, జమ్మూలో నిర్బంధంలో ఉన్న రోహింగ్యాలను విడుదల చేయడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. 14, 21 అధికరణాలు అందరికీ వర్తిస్తాయని ఒప్పుకుంటూనే, దేశంనుండి పంపివేయబడకుండా ఉండే హక్కు పౌరులకే చెందిన నివాసహక్కుకు అనుబంధమని పేర్కొంది. ఈ తర్కం విమర్శకు నిలువదు. ఇక్కడ స్థిరపడతానని అడగడం వేరు, చావుకు అప్పగించవద్దని అడగడం వేరు. మొదటిది 19వ అధికరణానికి చెందినది, రెండవది 21వ అధికరణానికి. 1998లో గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీయుల కేసులో ఈ రెండవ హక్కును 21వ అధికరణంలోనే చూసింది. దేశభద్రతకు భంగం కలుగకూడదని మాత్రం షరతు పెట్టింది.

సంఖ్యాకాండము 35, యెహోషువ 20 అధ్యాయాలు ఇక్కడ మనకు తోడ్పడతాయి. ఆశ్రయపురాలు తెలియక నరహత్య చేసినవారికి ఏర్పడినవి గనుక పోలిక పూర్తిగా కుదరదు. కాని రెండు సంగతులు గమనించాలి. ఆ గుమ్మం ఇశ్రాయేలీయులకే గాక పరదేశికీ తెరిచే ఉంది. పారిపోయి వచ్చినవాని మాట పెద్దలు ముందు వినాలి. సమాజం ఎదుట నిలిచి తీర్పు పొందకమునుపు వానిని అప్పగించకూడదు. దోషికి అక్కడ రక్షణ లేదు. కాబట్టి ఆశ్రయం అంటే విచారణను తప్పించడం కాదు, విచారణ జరిగేలా చూడడం.

పౌలు రోమా పౌరసత్వాన్ని చెప్పుకొని కొరడా దెబ్బలు తప్పించుకున్న సంగతిని (అపొ. కార్య. 22) మనం హక్కుల పాఠంగా బోధిస్తాం. ఆ పౌరసత్వం లేనివాని గతి ఏమిటని అడగం. అది అడగకపోతే మన బోధ సగమే.

అబిడ్స్‌లోని సెయింట్ జార్జి చర్చికీ నాంపల్లి క్రిమినల్ కోర్టులకూ మధ్య దూరం ఎంతో లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను, నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయసహాయం పొందే అర్హతను ఇచ్చింది. అక్కడ పౌరసత్వం షరతు కాదు. ఈ సెక్షను తెలిసిన కాపరి, నిర్బంధితుని కుటుంబాన్ని వెంటబెట్టుకొని దరఖాస్తు పెట్టించగలడు. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దల పని నేడు సంఘం చేయవలసింది ఇక్కడే.