అరిగిన చెప్పు

మా పక్కింటి టీచరుగారి ముందుగదిలో ఏసుప్రభువు పటం ఒకటుంది. మీరూ చూసే ఉంటారు. భుజాలమీదికి జారిన గోధుమరంగు జుట్టు, తీరైన గడ్డం, పైకెత్తిన చూపు, నుదుటిమీద వెలుగు. వార్నర్ సాల్‌మన్ అనే అమెరికా చిత్రకారుడు 1940లో వేశాడు. కోట్ల ప్రతులు అచ్చయి దేశదేశాలూ తిరిగింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకా పటం చప్పగా ఉంటుంది. భక్తి తక్కువై కాదు సుమండీ! మా ఇంటి రాముడి క్యాలెండరూ నాకంతే. వడ్రంగిపని చేసిన మనిషి, ఎండలో ఊళ్ళు తిరిగిన మనిషి ఆ మొహంలో కనపడడు. స్టూడియోలో ఫోటోకి కూర్చున్నట్టుంటాడు.

ఓరోజు నోరుజారి ఆ మాట ఆవిడతోనే అనేశాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "మావారు పోయాక ఆర్నెల్లు నేను మాట్లాడింది ఆ పటంతోనేనమ్మా" అన్నారు. నా విమర్శంతా గొంతులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. నన్నడిగితే, ఆ దుఃఖం ఆవిడది, నమ్మకమూ ఆవిడదే. పటం గోడలా ఆనుకోనిచ్చింది, అంతే. అదీ తక్కువేం కాదు. కానీ తనంతట తాను మనల్ని నిలబెట్టేసే బొమ్మ వేరే ఉంటుంది.

అలాంటివి చూపిద్దామని లైబ్రరీ నుంచి ఓ బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళాను. రోములో సాంత్ అగొస్తీనో చర్చిలో కరవాజ్జో వేసిన మేరీమాత ఉంది. ఆవిడ ముందు మోకరిల్లిన యాత్రికుడి మురికి పాదాలు సరిగ్గా మన మొహానికే ఎదురుగా ఉంటాయి. పూజకొచ్చినవాళ్ళ కాళ్ళు అలాగే కదండీ ఉండేది! ఆ రోజుల్లోనే జనం దాని గురించి గోలగోలగా చెప్పుకున్నారట.

తర్వాతి పేజీల్లో రెంబ్రాంట్ 'తప్పిపోయిన కుమారుడు'. అసలు బొమ్మ ఎనిమిదడుగుల పైన ఎత్తు, రష్యాలో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. ఆయన చివరి ఏళ్ళలో వేశాడు. ఆయన 1669లో పోయాడు, అంతకు ముందేడే పెరిగిన కొడుకు టైటస్ పోయాడు. బొమ్మలో కొడుకు మొహం సరిగా కనపడనే కనపడదు. గొరిగిన తల, చిరిగిన బట్టలు. ఒక కాలి చెప్పు ఊడి అరికాలు బయటపడింది, రెండో చెప్పు మడమ దగ్గర అరిగిపోయింది. వీపుమీద ముసలి తండ్రి రెండు చేతులు.

టీచరుగారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఈ కథ పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! కొడుకు రాగానే మంచి బట్టలు, ఉంగరం తెమ్మని, కాళ్ళకి చెప్పులు కూడా తొడగమంటాడు తండ్రి. చెప్పులెందుకో నాకెప్పుడూ తట్టలేదమ్మా" అన్నారు.

పుస్తకం ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. లైబ్రరీవాళ్ళు అడుగుతున్నారు.