పెల్లాగ్రా పరిశోధన: ప్రశ్న ముందా, పద్ధతి ముందా?

పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ: పాఠ్యపుస్తకాలు శాస్త్రీయ పద్ధతిని ఇలా నాలుగు మెట్లుగా చూపుతాయి. వైద్యరంగంలో దీనికి ఇంకో రూపం ఉంది. యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగాన్ని శిఖరాన నిలిపి, తక్కిన పద్ధతులను దాని కింద వరుసగా పేర్చే పిరమిడ్ అది. మందు పనిచేస్తుందా లేదా అన్నది తేల్చడానికి ఆ వరుస చక్కగా పనికివస్తుంది. రోగానికి మూలం వెతికేటప్పుడు మాత్రం అది దారి తప్పించగలదు. పెల్లాగ్రా చరిత్రే ఇందుకు నిదర్శనం.

20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలను ఈ వ్యాధి పీడించింది. ఎండ తగిలే చోట చర్మం పాడవడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి మరణం దీని క్రమం. థాంప్సన్-మెక్‌ఫాడెన్ కమిషన్ దక్షిణ కరోలినాలోని మిల్లు పల్లెల్లో ఇంటింటి సర్వే చేసింది. రోగులున్న ఇళ్ళ చుట్టుపక్కల, పారిశుధ్యం లేనిచోట వ్యాధి ఎక్కువగా కనిపించింది. ఆహారంతో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. కనుక ఇది అంటువ్యాధి కావచ్చునని కమిషన్ భావించింది. పేద ఇంట్లో మురుగూ, చాలీచాలని తిండీ కలిసే ఉంటాయన్న సంగతి ఆ లెక్కల్లో మరుగునపడింది.

1914లో ఈ సమస్యను చేపట్టిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ ఒక చిన్న విషయం గమనించాడు. ఆశ్రమాల్లో, మానసిక చికిత్సాలయాల్లో ఉండేవారికి పెల్లాగ్రా వస్తోంది. వారితోనే రోజంతా గడిపే సిబ్బందికి రావడం లేదు. అక్కడినుంచి ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పద్ధతిని ఎంచుకున్నాడు. అనాథాశ్రమాల ఆహారంలో పాలు, మాంసం, గుడ్లు, చిక్కుడు జాతి గింజలు పెంచితే వ్యాధి దాదాపు మాయమైంది. 1915లో మిసిసిపీ జైలు వ్యవసాయక్షేత్రంలో ఖైదీలకు మొక్కజొన్న ప్రధానమైన నాసిరకం తిండి పెడితే, కనీసం ఆరుగురిలో వ్యాధి లక్షణాలు కనిపించాయి. అంటువ్యాధి వాదం అప్పటికీ చావలేదు. 1916లో అతడూ, సహచరులూ, భార్య మేరీతో సహా, రోగుల రక్తాన్ని, ఇతర స్రావాలను తమ శరీరాల్లోకి తీసుకున్నారు. ఎవరికీ పెల్లాగ్రా రాలేదు.

జైలు ప్రయోగాన్ని మెచ్చుకుని వదిలేయడం సరికాదు. విడుదల ఆశ చూపి పొందిన సమ్మతిని నేటి వైద్యనీతి సమ్మతిగా అంగీకరించదు.

అదే 1916లో ఆర్థికవేత్త ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్‌తో కలిసి గోల్డ్‌బెర్గర్ దక్షిణ కరోలినా మిల్లు పల్లెలనే మళ్ళీ సర్వే చేశాడు. రాష్ట్రం అదే, పద్ధతీ సర్వేయే. అడిగిన ప్రశ్న వేరు. ఇంటికి ఏ ఆహారం ఎంత వస్తోంది, ఆదాయమెంత అని లెక్కగట్టారు. ఆదాయం పెరిగేకొద్దీ వ్యాధి తగ్గింది. ఆ తర్వాత కుక్కల్లో వచ్చే 'నల్లనాలుక' వ్యాధి ప్రయోగశాలకు నమూనా అయింది. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లంతో దాన్ని నయం చేశాడు. గోల్డ్‌బెర్గర్ 1929లోనే మరణించాడు.

కథ అక్కడితో ముగియలేదు. తెలంగాణలో జొన్న తినే పేదల్లో కూడా పెల్లాగ్రా కనిపించింది. మొక్కజొన్న కథ ఇక్కడ సరిగ్గా అతకలేదు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణం కావచ్చునని 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. వారు కుక్కల మీదా, మనుషుల మీదా పరీక్షలు జరిపారు. ఇతరుల జంతు ప్రయోగాల ఫలితాలు మాత్రం వారితో ఏకీభవించలేదు. అమెరికాలో స్థిరపడిన సమాధానాన్ని తెలంగాణ రోగి ముందు యథాతథంగా ఒప్పుకోకపోవడమే ఆ పరిశోధన విలువ.

ఈ పద్ధతుల్లో దేనికదే అసంపూర్ణం. రక్తం ఎక్కించుకున్న ప్రయోగం ఇది అంటువ్యాధి కాదని చెప్పిందే తప్ప, ఏది లోపించిందో చెప్పలేదు. కుక్కల ప్రయోగం ఏ విటమిన్ కావాలో చెప్పింది. ఆ విటమిన్ పేదవాడి పళ్ళెంలోకి ఎందుకు రాలేదో చెప్పలేదు. దానికి జవాబు పిరమిడ్‌లో దిగువన ఉండే సర్వే ఇచ్చింది. పద్ధతుల అంతస్తుకే విలువ కట్టి, అడిగిన ప్రశ్నను మరచిపోయే వైద్యం విటమిన్ మాత్రనైతే రాయగలదు. కూలి చాలడం లేదన్న సంగతి దాని కంట పడదు.