మిగిలిన రెండు బిళ్ళలు

పై గావ్ బిళ్ళలను బల్ల మీద పరచగానే మొదట కంటికి ఆనేది వాటి పొడవు. మనకు తెలిసిన డామినో బిళ్ళ కంటే ఇది సన్నం, కోల. నల్లటి ఒంటి మీద చిన్న చిన్న గుంటలు, కొన్నిట్లో తెల్ల రంగు, కొన్నిట్లో ఎరుపు. నడుమ గీత ఉండదు. ఖాళీ బిళ్ళ ఒక్కటైనా ఉండదు. లెక్కపెడితే 32. ఈ చైనా జూదం పేరు కూడా సాదాసీదా పేరే: ‘పై’ అంటే బిళ్ళ, ‘గావ్’ అంటే తొమ్మిది. ఆడటం ఒక పూటలో వచ్చేస్తుంది. దీన్ని అల్లిన పనితనం మాత్రం ఎన్నిసార్లు విప్పి చూసినా కొత్త మడత ఒకటి చూపిస్తుంది.

ముందు ఆ 32 సంగతి. రెండు పాచికలు కలిపి వేస్తే పడగల పందేలు 21. 1-1 నుంచి 6-6 దాకా ఒక్కో పందెం ఒక్కో బిళ్ళ మీదికి ఎక్కింది. అంటే ఇవి ఎప్పుడో దొర్లి ఆగిపోయిన పాచికలు. ఆ 21లో 11 బిళ్ళలకు అచ్చు అలాంటిదే ఇంకొకటి చేశారు. ఈ కవలలను ‘వెన్’ అంటారు, కొలువులోని పండితుల వర్గం. కవల లేని పదీ ‘వూ’, అంటే దండు. కొలువులో 22, దండులో 10. యూరప్ డామినోలు 18వ శతాబ్దంలో ఇటలీలో కనిపించేనాటికే చైనాలో ఈ బిళ్ళలు వందల ఏళ్ళ పాతవి.

రంగు చూడండి. చైనా పాచికల మీద ఒకటి, నాలుగు ఎర్రగా ఉంటాయి, మిగతావి వేరే రంగు. బిళ్ళల మీదా అదే కట్టుబాటు. 1-1 మొత్తం ఎరుపు, 4-4 మొత్తం ఎరుపు, 5-6 మొత్తం తెలుపు. ఒక్క 6-6 దగ్గర మాత్రం చేసినవాడు తన కట్టుబాటును తానే దాటాడు. రెండు ఆరుల్లోనూ ఒక వరుస మూడు చుక్కలు ఎరుపు, పక్క వరుస మూడు తెలుపు. మరే ఆరుకీ ఈ గౌరవం లేదు. ఎందుకంటే 6-6 ఆకాశం, అన్నిటికంటే పై బిళ్ళ. దాని తర్వాత భూమి, 1-1. ఆ తర్వాత మనిషి, 4-4. నాలుగోది 1-3, దాన్ని కొందరు సామరస్యం అంటారు, కొందరు బాతు అంటారు. చుక్కల సంఖ్యకీ హోదాకీ సంబంధం లేదని మొదటి నాలుగు మెట్లలోనే తేలిపోతుంది. రెండే చుక్కలున్న భూమి పదకొండు చుక్కల గొడ్డలికి, అంటే 5-6కి, ఎంతో పైన కూర్చుంటుంది.

పేర్లు కూడా చుక్కలను చూసి పెట్టినవే. 5-5 ప్లమ్ పువ్వు, ఆ పువ్వుకి రేకులు ఐదు. 2-2 పీట, నాలుగు మూలలా నాలుగు చుక్కలు కోళ్ళలా నిలబడతాయి. 4-6 ఎర్రతల పది. 1-6 పొడుగుకాళ్ళ ఏడు. చదువు రాని వాడికి కూడా ఒకసారి చెబితే గుర్తుండిపోయే పేర్లు.

దండులోని పది బిళ్ళలకు కవలలు లేవు కదా, మరి జత ఎలా? మొత్తం చుక్కలు సమానమైతే చాలు, జతే. 3-6, 4-5 తొమ్మిదుల జత. 2-6, 3-5 ఎనిమిదులు. 2-5, 3-4 ఏడులు. 1-4, 2-3 ఐదులు. ఎనిమిది బిళ్ళలు ఇలా సర్దుకున్నాయి. ఇక మిగిలినవి రెండు: 1-2, 2-4. ఒకటి మూడు, ఇంకొకటి ఆరు. దేనితోనూ కలవవు, వాటిలో అవీ కలవవు. పైగా మూడు చుక్కల బిళ్ళ విడిగా చూస్తే 32లోనూ అట్టడుగుది. మామూలు చేతులైతే ఈ రెండిటినీ పక్కన పడేసేవి. ఇక్కడ ఆ రెండిటినీ ఒకచోట కూర్చోబెట్టి ‘జీ జూన్’ అని పేరు పెట్టారు. అంటే సర్వోన్నతం. ఆకాశం జతను కూడా కొట్టే ఏకైక జత ఇదే. విడిగా ఉన్నప్పుడు కూడా వీటికి ఒక సౌకర్యం ఇచ్చారు: మూడును ఆరుగా, ఆరును మూడుగా లెక్కపెట్టుకోవచ్చు. మంచి వడ్రంగి మిగిలిన చెక్కముక్కను గుమ్మం నడినెత్తిన పువ్వుగా చెక్కి నిలిపినట్టుంది ఈ పని. నా మటుకు నాకు ఈ ఆట మొత్తంలో ఇంతకు మించిన చోటు లేదు.

ఇప్పుడు ఆడే తీరు. బిళ్ళలన్నీ బోర్లించి కలిపి, నాలుగేసి చొప్పున ఎనిమిది దొంతరలుగా పేరుస్తారు. పాచికలు వేసి ఎవరికి ఏ దొంతరో తేలుస్తారు. ఎనిమిది మంది దాకా కూర్చోవచ్చు, అందులో ఒకరు బ్యాంకర్. ప్రతివాడూ తన పందెం బ్యాంకర్‌తోనే. చేతికి వచ్చిన నాలుగు బిళ్ళలను రెండు జతలుగా విడదీయాలి: చిన్నది ముందు, పెద్దది వెనక. ముందు జత బ్యాంకర్ ముందు జతతో, వెనకది వెనకదానితో తలపడతాయి. రెండూ గెలిస్తే పందెం మీది, రెండూ ఓడితే బ్యాంకర్‌ది. చెరొకటీ అయితే ఎవరి డబ్బు వారిదే. ఓర్పున్న ఆట.

పేరున్న జత పడకపోతే చుక్కలు కూడాలి. పదులు వదిలేసి ఒకట్ల స్థానం మాత్రం చూస్తారు. 4-5, 2-5 కలిస్తే 16, విలువ 6. అన్నిటికంటే మేలైన అంకె 9, అందుకే ఆటకు ఆ పేరు. ఈ లెక్కలో ఆకాశానికి ఒక చిక్కుంది. దాని 12 చుక్కల పక్కన తొమ్మిది చేరితే 21, విలువ 1. ఎనిమిది చేరితే 20, విలువ సున్నా. భూమికీ అంతే: 2తో 9 కలిస్తే 11, 2తో 8 కలిస్తే 10. ఆకాశమూ భూమీ చేతిలో ఉండి సున్నాతో ఓడిపోవడమా? అలా కానివ్వలేదు. ఈ రెండిటిలో ఏదైనా తొమ్మిదితో చేరితే దాన్ని ‘వాంగ్’ అని జతలకు సరిగ్గా కింది మెట్టు మీద పెట్టారు. ఎనిమిదితో చేరితే ‘గాంగ్’, దాని కింది మెట్టు. ఏడుతో చేరితే ఎలాగూ తొమ్మిది వస్తుంది. జీ జూన్ విషయంలో చేసిన పనే ఇక్కడా చేశారు: లెక్క కిందికి తోసినదాన్ని నియమం చేయిపట్టి పైకి లేపింది.

ఒక చేయి దగ్గరగా చూద్దాం. మీకు పడినవి ఆకాశం, 3-5, 3-4, ప్లమ్ పువ్వు. నాలుగు బిళ్ళలను రెండు జతలుగా విడదీసే దారులు మూడే. ఆకాశం పక్కన పువ్వు పెడితే 22, విలువ 2, మిగిలిన ఏడూ ఎనిమిదీ కలిసి 5. ఇది చేతకాని పని. ఆకాశం పక్కన ఎనిమిది పెడితే వెనక గాంగ్, ముందు ఏడూ పదీ కలిసి 7. ఆకాశం పక్కన ఏడు పెడితే వెనక 9, ముందు ఎనిమిదీ పదీ కలిసి 8. తొమ్మిది గాంగ్‌కి సరిగ్గా ఒక్క మెట్టు కింద, ఎనిమిది ఏడుకి ఒక్క మెట్టు పైన. వెనక ఒక మెట్టు దిగితే ముందు ఒక మెట్టు ఎక్కుతుంది. తక్కెడ ఇంత సమంగా నిలవడం చూస్తే ముచ్చటేస్తుంది. నేనైతే 8, 9 వైపు మొగ్గుతాను. రెండు కాళ్ళ మీదా నిలబడ్డట్టుంటుంది.

ఇద్దరి విలువా ఒకటే వస్తే జతలోని పెద్ద బిళ్ళ హోదా చూస్తారు. అదీ సమానమైతే గెలుపు బ్యాంకర్‌ది. కాసినోల్లో గెలిచిన సొమ్ములో సాధారణంగా 5 శాతం కమిషన్ కూడా పోతుంది. కాసినో ఇల్లు బతికేది ఈ రెండిటి మీదే, ఆడేవాడి ఇల్లు ఏమవుతుందో ధర్మరాజు కథ విన్న మనకు వేరే చెప్పక్కర్లేదు. 1980ల్లో కాలిఫోర్నియాలో ఇదే పద్ధతిని పేకముక్కల మీదికి తెచ్చి పై గావ్ పోకర్ చేశారు. అదీ బాగానే సాగుతోంది. కానీ అందులో పీట లేదు, పువ్వు లేదు, మిగిలిపోయి రాజ్యమేలిన ఆ రెండు బిళ్ళలు లేవు.

డబ్బు లేకుండానే దీని రుచి తెలుస్తుంది. గట్టి అట్ట కత్తిరించి 32 ముక్కలు చేయండి. ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను, పందేనికి గుప్పెడు చింతగింజలు చాలు. ఒకట్లూ నాలుగులూ ఎర్రగా పెట్టండి. ఆకాశం మీద ప్రతి ఆరులోనూ ఒక వరుస ఎరుపు పెట్టడం మాత్రం మరిచిపోకండి.