కూడవెల్లి వాగు లెక్క

సిద్దిపేట జిల్లాలో దుబ్బాక, తొగుట వైపు పడిన వాన కూడవెల్లి వాగు పట్టుకుని నర్మాల దగ్గర ఎగువ మానేరుకు చేరుతుంది. గజ్వేల్ వైపు వాన హల్దీ వాగులో పడి మంజీరకు పోతుంది. రెండూ వానకు పొంగి, ఎండాకాలం ఎండిపోయే వాగులే. ఇలాంటి వాగులో రాబోయే ముప్పై, నలభై ఏళ్లలో ఎంత నీరు పారుతుందో అంచనా ఉంటేనే వంతెనకు ఖానాలు, చెరువుకు మత్తడి, చెక్‌డ్యామ్‌కు ఎత్తు సరిగ్గా కుదురుతాయి.

నిజాం కాలపు ఇంజినీర్లకు ఇందుకో సూత్రం ఉండేది. నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు మీదున్న ఆ సూత్రంలో పరీవాహక ప్రాంతం విస్తీర్ణం, ఒక గుణకం వేస్తే గరిష్ఠ వరద ఎంతో తేలుతుంది. దక్కన్ వాగులను ఏళ్ల తరబడి చూసిన అనుభవం అందులో ఉంది కనుక పాతదని పక్కన పడేయడం తగదు. కాకపోతే అందులో వానకు చోటు లేదు. వాన తీరు మారితే వరద ఎలా మారుతుందో చెప్పాలంటే వానను ప్రవాహంగా మార్చి చూపే నమూనా కావాలి. అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం 1998లో విడుదల చేసిన హెచ్‌ఈసీ-హెచ్‌ఎంఎస్, ఆ దేశపు వ్యవసాయ శాఖ తయారుచేసిన స్వాట్ ఇందుకు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్లు. రెండూ ఉచితమే.

లెక్కలో గుండెకాయ లాంటిది నేల. ఎంత వాన ఇంకుతుంది, ఎంత పారుతుంది అన్నది కర్వ్ నంబర్ అనే ఒక్క అంకెతో చెబుతారు. అది 100కు దగ్గరయ్యే కొద్దీ పారే నీరు పెరుగుతుంది. ఒక చలక నేలకు ఆ అంకె 80 అనుకుంటే, 100 మిల్లీమీటర్ల వానలో పారేది 50.5 మిల్లీమీటర్లు. అదే నేల మృగశిర కార్తెలో ఎండి ఉంటే అంకె 63కు దిగి, పారేది 22 మిల్లీమీటర్లే అవుతుంది. భాద్రపద ముసురులో నానిన తర్వాతైతే 91కి ఎక్కి 75 మిల్లీమీటర్లు పారుతుంది. వాన ఒకటే, నేల ఒకటే. వాగులోకి వచ్చే నీరు మాత్రం మూడింతలకు పైగా తేడా. ఈ పద్ధతిలో పెద్ద లోపం కూడా ఉంది: రోజంతా కురిసిన 100 మిల్లీమీటర్లకూ, రెండు గంటల్లో కుమ్మరించిన 100 మిల్లీమీటర్లకూ ఇది ఒకే పరిమాణం చూపిస్తుంది.

అసలు చిక్కు చెరువులతో వస్తుంది. ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల పటాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేయగానే మొదట జరిగే పని గుంటలను పూడ్చడం. నీరు ఎక్కడా ఆగకుండా కిందికి పారే దారి గీయడానికి అది అవసరం. కానీ తెలంగాణలో ఆ గుంటల్లో చాలా వరకు చెరువులే. ఒకదాని మత్తడి దుంకితే కిందిది నిండే గొలుసుకట్టు చెరువులు ఆ ఒక్క మీటతో పటం మీంచి మాయమవుతాయి. కనుక ఒక్కో చెరువునూ జలాశయంగా మళ్లీ చేర్చి, దాని సామర్థ్యం, మత్తడి పొడవు విడిగా ఎక్కించాలి. 2015 నుంచి మిషన్ కాకతీయలో పూడిక తీశారు కాబట్టి పాత రికార్డుల్లోని సామర్థ్యం పనికిరాదు. ఈ ఓపిక లేకుండా తీసిన అంచనా ఎంత అందమైన గ్రాఫుతో వచ్చినా కూడవెల్లిది కాదు.

తర్వాత నమూనాను నిజమైన కొలతలతో సరిపోల్చాలి. ఇక్కడ సిద్దిపేటకే ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. 2021 ఏప్రిల్‌లో, నడి ఎండల్లో, కొండపోచమ్మ సాగర్ నుంచి వదిలిన గోదావరి నీటితో హల్దీ వాగు పారింది. ఆ ప్రవాహానికి ఆకాశంలో మబ్బు లేదు. అలాంటి రోజుల కొలతలు తీసేయకపోతే నమూనా లేని వానను వెతుక్కుంటూ నేల గుణాలను తప్పుగా సర్దుకుంటుంది.

భవిష్యత్తు వానలు వాతావరణ నమూనాల నుంచి వస్తాయి. వాటిలో చాలావాటి ఒక్కో గడి వంద కిలోమీటర్ల వరకు ఉంటుంది, అంటే సిద్దిపేట జిల్లా దాదాపు ఒక్క గడిలో ఇమిడిపోతుంది. పైగా అవి చాలా రోజులు చిరుజల్లులు కురిపించి, కుండపోతను తక్కువ చేసి చూపిస్తాయి. పైన చెప్పిన 80 అంకె నేలలో దాదాపు 13 మిల్లీమీటర్లు దాటితే గానీ చుక్క పారదు. కనుక ఆ వానలను సరిదిద్దకుండా వేస్తే వాగు కాగితం మీద ఎండిపోతుంది. ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు 2020లో 13 నమూనాల వానలను దక్షిణాసియాకు సరిదిద్ది అందరికీ అందుబాటులో ఉంచారు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది కనుక కుండపోత పెరగొచ్చు. అదే 80 అంకె నేల మీద 100 మిల్లీమీటర్ల వాన 110 అయితే పారే నీరు 50.5 నుంచి 58.9 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. అంటే వాన 10 శాతం పెరిగితే ప్రవాహం 17 శాతం వరకు పెరిగింది. 13 నమూనాలూ 13 జవాబులు ఇస్తాయి. సగటు తీసి ఒకే అంకె రాయడం కంటే పైకొస, కిందికొస రెండూ ఇవ్వడమే నిజాయితీ: మత్తడి వెడల్పుకు పైది కావాలి, ఆయకట్టుకు కిందిది. 2023 అక్టోబరులో గోదావరి నీటిని ఎత్తిపోతలకు మళ్లించే మేడిగడ్డ బరాజ్ పియర్లు కుంగాక ఎత్తిపోతల నీరు ఏటా ఒకే తీరున వస్తుందని అనుకోవడానికి లేదు కనుక, ఈ వాగులకు నమూనాను ఆ నీటితో ఒకసారి, అది లేకుండా ఒకసారి నడపాలి.